మారుత్ పక్కన నిలబడితే ఏం చూడాలి? బెంగళూరు పాత యుద్ధవిమానాల మీద చర్చ

కస్తూర్బారోడ్డు_కుర్రాడు:
విశ్వేశ్వరయ్య మ్యూజియం ముందు మారుత్ ఉంది, హెచ్ఏఎల్ (హిందుస్తాన్ ఏరోనాటిక్స్) ఇక్కడే తయారుచేసిన పాత జెట్ యుద్ధవిమానం. పాత ఎయిర్‌పోర్టు రోడ్డులో హెచ్ఏఎల్ హెరిటేజ్ సెంటర్ ఆవరణలో ఇంకా చాలా ఉన్నాయి. బోర్డు మీద పొడవు, వేగం చదివి, ఒక ఫోటో తీసుకుని వచ్చేయడం కాకుండా, విమానం ఒంటి మీదే దాని సంగతులు పట్టుకోవాలంటే ఎక్కడెక్కడ చూడాలి? తెలిసినవాళ్లు వేలు పెట్టి చూపించినట్టు చెప్పండి.

ఓర్ఫియస్703:
మారుత్‌తోనే మొదలుపెడదాం. ముందు పక్క నుంచి కాదు, వెనక మూల నుంచి ఏటవాలుగా చూడండి. రెక్కలు కలిసే చోట నడుము సన్నబడి మళ్లీ వెడల్పవుతుంది. ఏరియా రూల్ అంటే ఇదే. ధ్వని వేగం దగ్గర డ్రాగ్ (గాలి అడ్డు) ఒక్కసారిగా పెరగకుండా ఉండాలంటే ముక్కు నుంచి తోక దాకా మొత్తం అడ్డుకోత వైశాల్యం మెల్లగా మారాలి. రెక్క వచ్చి చేరిన చోట ఆ మేరకు ఒళ్లు తగ్గించాలి.

తర్వాత కాక్‌పిట్‌కి రెండు పక్కలా ఉన్న ఇన్‌టేకులు, అంటే ఇంజన్ గాలి పీల్చే నోళ్లు, చూడండి. ఒక్కోదాంట్లో సగం కోసిన శంకువు ఉంటుంది. ధ్వనికి రెండింతల వేగంలో వచ్చే షాక్ తరంగాన్ని సర్దడానికి పెట్టింది అది. ఆ వేగం మారుత్‌కి ఎప్పుడూ దక్కలేదు. జర్మన్ డిజైనర్ కుర్ట్ టాంక్ బృందం ఈ విమానం గీసింది ఓర్ఫియస్ బి.ఓ.ఆర్.12 ఇంజన్‌ని మనసులో పెట్టుకుని. ఆఫ్టర్‌బర్నర్‌తో (తోక దగ్గర మళ్లీ ఇంధనం మండించే ఏర్పాటు) ఒక్కోటి 8,000 పౌన్ల పైచిలుకు థ్రస్టు, అంటే ముందుకి తోసే బలం, ఇవ్వాల్సినది. దాని అభివృద్ధికి డబ్బు పెట్టేవాళ్లు లేక ఆ ఇంజన్ ఆగిపోయింది. చివరికి ఆఫ్టర్‌బర్నర్ లేని ఓర్ఫియస్ 703లు రెండు పెట్టారు, ఒక్కోటి 4,850 పౌన్లు. ఒళ్లు మాక్ 2ది (ధ్వనికి రెండింతలు), గుండె మాక్ 1ది. ఆ శంకువులు చూస్తే ఈ సంగతంతా కనిపిస్తుంది.

విమానపురం_వాసి:
ఓర్ఫియస్ గారికి రెండు చేర్పులు. మారుత్ మొదటి ఎగురుడు 1961 జూన్ 17న, ఇక్కడే హెచ్ఏఎల్ రన్‌వే నుంచి, నడిపింది సురంజన్ దాస్. అంతకంటే ముందు 1959లో ఇదే ఆకారంలో పూర్తి సైజు చెక్క గ్లైడర్ చేసి, డకోటా రవాణా విమానంతో లాక్కెళ్లి పైన వదిలి పరీక్షించారు. అప్పట్లో సూపర్‌సోనిక్ విండ్ టన్నెల్ చేతిలో లేని దేశం, తక్కువ వేగంలో విమానం ఎలా మాట వింటుందో తెలుసుకోవడానికి ఎంచుకున్న చవక దారి అది. నా దృష్టిలో ఈ ప్రాజెక్టులో అన్నిటికంటే తెలివైన పని ఆ గ్లైడరే.

రెండోది, ఈ రన్‌వే సముద్రమట్టానికి సుమారు 2,900 అడుగుల ఎత్తులో ఉంది. ఏప్రిల్ మధ్యాహ్నం ఇక్కడ గాలి పలచగా ఉంటుంది, దానికి తోడు వేడి. థ్రస్టు పడిపోతుంది, రెక్కలకి లిఫ్ట్ (పైకి లేపే బలం) రావాలంటే ఇంకా వేగం కావాలి. అంటే పరుగు రెండు విధాలా పెరుగుతుంది. అసలే ఇంజన్ బలం చాలని విమానం. బెంగళూరులో పరీక్షించిన టేకాఫ్ పొడవును సముద్రమట్టపు లెక్కతో పోల్చి తిట్టేవాళ్లు ఇది మర్చిపోతారు.

నెల్లూరి_నాట్:
ఎంత చెప్పినా మారుత్ ఫెయిలే కదా అన్నా. 147 తయారుచేసి 1990 నాటికి పక్కన పెట్టేశారు. మా నాట్ చూడండి, బ్రిటిష్ డిజైన్ చిన్న యుద్ధవిమానం, మారుత్‌లో సగానికి కాస్త పైన పొడవు, ఒకే ఇంజన్, అదీ అదే ఓర్ఫియస్ కుటుంబం. 1965 యుద్ధంలో పాకిస్తాన్ సేబర్ జెట్లకి చుక్కలు చూపించింది.

ఓర్ఫియస్703:
147లో 18 రెండు సీట్ల ట్రైనర్లు, అది కూడా కలుపుకో తమ్ముడూ. ఫెయిల్ అనే ముందు ఏ పనిలో అని అడగాలి. ఇంటర్‌సెప్టర్‌గా, అవును. నేలకి దగ్గరగా బాంబులు, రాకెట్లు మోసుకెళ్లే విమానంగా కాదు. తక్కువ ఎత్తులో కుదుపు లేకుండా నిలకడగా పోతుందని పేరు. 1971 యుద్ధంలో ఒక ఇంజన్ దెబ్బతిన్నా రెండోదాంతో తిరిగొచ్చిన సందర్భాలున్నాయి. హైడ్రాలిక్స్ పోతే చేతి బలంతో నడిపే ఏర్పాటు కూడా ఉంది. నాట్‌కి ఇంజన్ పోతే ఇంకేముంది, ఎజెక్షన్ సీటు హ్యాండిల్ లాగి బయటికి దూకడమే.

ఇంకో మాట. 1971లో రాజస్థాన్ ఎడారిలోని లోంగేవాలాలో పాకిస్తాన్ ట్యాంకుల పని పట్టింది మారుత్‌లే అని కొన్ని చోట్ల రాస్తారు. తొలి ఉదయం అక్కడికి వచ్చినవి జైసల్మేర్ నుంచి హంటర్ విమానాలు. మారుత్‌లు ఉత్తర్‌లాయ్ నుంచి ఆ ఎడారి రంగమంతా పనిచేశాయి. మారుత్‌కి లేనిది అంటగట్టక్కర్లేదు, ఉన్నదే చాలు.

రివెట్ల_లెక్క:
వాదన పక్కన పెట్టి తుపాకులు చూడండి. మారుత్ ముక్కుకి ఒక్కో పక్క రెండేసి, మొత్తం నాలుగు 30 మి.మీ. ఏడెన్లు. నాట్‌కి రెండే, అవి ఇన్‌టేక్ గోడల్లో ఉంటాయి. ఇన్‌టేక్ పెదవి పక్కన గొట్టం నోరు కనిపిస్తుంది. మ్యూజియంలో చాలాసార్లు దాన్ని రేకుతో మూసి రంగు వేసేస్తారు, వేలితో తడిమితే గుండ్రని అంచు తెలుస్తుంది (తాళ్ల అవతలున్న విమానాన్ని తడమొద్దు, సెక్యూరిటీ వాళ్లు ఊరుకోరు).

ఏడెన్ ఐదు గదులు తిరిగే రివాల్వర్ రకం, పేల్చేది విద్యుత్తుతో. తిప్పే బలం మాత్రం పేలిన తూటా వాయువు నుంచే వస్తుంది. ఒక్క తూటా పేలకపోతే తిప్పే బలమూ ఉండదు, ఆ తుపాకీ అక్కడికి ఆగినట్టే, గాల్లో బాగుచేసుకునే వీలు లేదు. నాలుగున్నవాడికి మూడు మిగులుతాయి, రెండున్న నాట్‌కి సగం బలం పోయినట్టే. 1965లో నాట్ తుపాకులు మొరాయించిన సందర్భాలు చాలా నమోదయ్యాయి, ఆ ముక్క కూడా చెప్పుకోవాలి నెల్లూరీ. అలాగని మారుత్‌కీ సుఖం లేదు. నాలుగూ ఒకేసారి కాలిస్తే ముక్కు భాగంలో కంపనం సమస్యగా మారింది.

నెల్లూరి_నాట్:
ఒప్పుకున్నాం. కానీ నాట్‌లో ఇది చూడండి: ఎయిర్‌బ్రేక్ ఎక్కడుందో వెతకండి, దొరకదు. చక్రాల తలుపులే ఎయిర్‌బ్రేకులు. చక్రాలని పూర్తిగా దించకుండా కొంత దూరం దించితే తలుపులు గాలికి అడ్డుపడతాయి. విడిగా బ్రేకు పలక, దానికో జాక్, పైపులు ఏమీ అక్కర్లేదు, ఆ బరువంతా మిగిలింది. రెక్కల కొస నుంచి కొసకి 6.73 మీటర్లే. విమానమంతా ఇలాంటి పిసినారితనమే, అందుకే నాకు ఇష్టం.

నాట్‌నే మెరుగుపరిచి హెచ్ఏఎల్ చేసిన అజీత్ పక్కన నిలబడితే తేడా బయటికి కనిపించదు. నాట్‌లో దూరం పోవాలంటే రెక్క కింద ట్యాంకులు తగిలించాలి, ఆ చోటు బాంబులకి ఉండదు. అజీత్‌లో రెక్క లోపలే ఇంధనం నింపారు, కింద కొక్కేలు ఆయుధాలకి మిగిలాయి.

కస్తూర్బారోడ్డు_కుర్రాడు:
మారుత్‌కి మంచి ఇంజన్ పెట్టే ప్రయత్నం ఎవరూ చేయలేదా?

ఓర్ఫియస్703:
చేశారు. ఈజిప్టులో బ్రాండ్నర్ బృందం చేసిన ఇ-300 ఇంజన్‌ని ఒక మారుత్‌కి ఒక పక్క పెట్టి 1967లో అక్కడే ఎగరేశారు. రెండేళ్లకి ఆ పథకం మూతపడింది. ఇక్కడ ఓర్ఫియస్‌కే రీహీట్ (ఆఫ్టర్‌బర్నరే) తగిలించి మార్క్ 1ఆర్ చేశారు. పెరిగిన థ్రస్టులో కొంత, తోక దగ్గర ఉబ్బిన ఆకారం డ్రాగ్‌గా తినేసింది. 1970 జనవరి 10న ఆ విమానంలోనే సురంజన్ దాస్ చనిపోయారు. ఆయన పేరు మీదే సురంజన్ దాస్ రోడ్డు. మీరు రోజూ సిగ్నల్ దగ్గర తిట్టుకునే రోడ్డే.

చెన్నై_గాలిపటం:
నేను చెన్నై వైపు. మిగ్-21లని ఎలా గుర్తుపట్టాలి? అన్నీ ఒకేలా కనిపిస్తాయి, బోర్డు మీద ఉత్త మిగ్-21 అని రాసి వదిలేస్తారు.

రివెట్ల_లెక్క:
మూడు చోట్ల చూస్తే చాలు. రెక్క కింద ఒక్కో వైపు ఒకే పైలాన్ (ఆయుధాలు తగిలించే కొక్కెం) ఉంటే ఎఫ్ఎల్ రకం, మనవాళ్లు టైప్ 77 అంటారు. రెండేసి ఉంటే ఎం (టైప్ 96) లేదా బిస్ (టైప్ 75). పైలాన్లు పీకేసి ఉంటే రెక్క అడుగున బోల్టు రంధ్రాలు మూసిన గుర్తులు లెక్కపెట్టండి. తర్వాత కనోపీ, అంటే పైలట్ మీది అద్దపు మూత: ఎఫ్ఎల్‌లో ముందు అద్దంతో కలిపి మొత్తం ముందుకి తెరుచుకుంటుంది. ఎం, బిస్‌లలో ముందు అద్దం కదలదు, మిగతాది పక్కకి తెరుచుకుంటుంది. మూడోది పొట్ట కింద. ఎఫ్ఎల్‌కి లోపల తుపాకీ లేదు, అవసరమైతే జీపీ-9 అనే తుపాకీ పెట్టె తగిలించేవాళ్లు. ఎంలో, బిస్‌లో జంట గొట్టాల జీఎస్‌హెచ్-23 తుపాకీ పొట్టకే అతుక్కుని ఉంటుంది. ఎంకీ బిస్‌కీ తేడా వీపు మీద: బిస్‌కి వీపు లావు.

రంగు, తోక మీద నంబరు మాత్రం నమ్మొద్దు. ప్రదర్శనకి పెట్టేటప్పుడు ఒక విమానం రెక్క, ఇంకోదాని తలుపు తగిలించడం మామూలే.

1963లో వచ్చిన కుటుంబం, 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో వీడ్కోలు. ఇకమీదట కాలేజీల ముందు, చౌరస్తాల్లో ఇవే కనిపిస్తాయి.

చెన్నై_గాలిపటం:
అసలు అడగాలనుకున్నది అదే. ఇంజనీరింగ్ కాలేజీ ఆరుబయట ఇలాంటిది పెడితే ఎన్నాళ్లు ఉంటుంది? ఏం చేయాలి?

తుప్పు_మాస్టర్:
ఈ ప్రశ్న కోసమే కాచుకున్నా. మొదట పెయింటర్‌ని పిలవకండి. అందరూ చేసేది అదే, పాడయ్యేదీ అక్కడే. తుప్పు మీద రంగు వేస్తే తుప్పు ఆగదు, కనపడకుండా పనిచేసుకుంటుంది.

ముందు కాగితాలు. ఎజెక్షన్ సీటు కార్ట్రిడ్జులు, కనోపీ విసిరే కార్ట్రిడ్జులు, మంటలార్పే సీసాల స్క్విబ్‌లు, అంటే పేలుడు మందు ఉన్నవన్నీ, తీసేసినట్టు రాతపూర్వకంగా ఉండాలి. అది చేతికి వచ్చేదాకా కాక్‌పిట్‌లోకి ఎవరినీ ఎక్కించొద్దు, ప్రిన్సిపాల్ మనవడినైనా సరే.

తర్వాత నీళ్లు. విమానం గాల్లో ఉండే భంగిమకి డ్రెయిన్ రంధ్రాలు పెడతారు. మీరు ముక్కు పైకెత్తి స్తంభం మీద నిలబెడితే నీళ్లు వేరే చోట నిలుస్తాయి, అక్కడ రంధ్రం ఉండదు. వర్షం వెలిసిన మర్నాడు అడుగు ప్యానెళ్లని వేలి కణుపుతో తట్టుకుంటూ వెళ్లండి. నీళ్లున్న చోట మొద్దు చప్పుడు వస్తుంది. అక్కడ అత్యంత కింది బిందువులో 6 నుంచి 8 మి.మీ. రంధ్రం వేసి, అంచుకి ప్రైమర్ పూయాలి. ఫ్రేములకి, స్పార్లకి (లోపలి ఎముకల్లాంటి దూలాలకి) మాత్రం డ్రిల్లు తగలకూడదు, చర్మం రేకుకే.

ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ మూసేటప్పుడు బిగుతుగా రేకు కొట్టకండి. లోపల తేమ కమ్ముకుంటుంది. పావురాలు దూరని జాలీ పెడితే గాలి ఆడుతుంది, రెట్ట పడదు. రెట్ట ఆమ్లం, రంగుని తిని అల్యూమినియం దాకా పోతుంది.

కస్తూర్బారోడ్డు_కుర్రాడు:
అల్యూమినియం తుప్పు పట్టదంటారు కదా సార్?

తుప్పు_మాస్టర్:
ఎర్రగా పట్టదు, తెల్లగా పడుతుంది. స్టీలు బోల్టు చుట్టూ రంగు పొక్కి, గోరుతో గీకితే తెల్లపొడి రాలితే అది గాల్వానిక్ తుప్పు. రెండు లోహాలు, మధ్యలో తడి, అంతే, బ్యాటరీ తయారైనట్టు. అందులో అల్యూమినియమే కరిగేది. ఇంకా చెడ్డది పొరలు పొరలుగా లేచేది, ఎక్స్‌ఫోలియేషన్. గట్టి మిశ్రమాల ఫిట్టింగుల అంచుల్లో పుస్తకం పేజీలు ఉబ్బినట్టు కనిపిస్తుంది. అలా కనిపిస్తే ఆ భాగం బలం పోయినట్టే లెక్క, స్తంభం మోసేది ఆ భాగం మీదైతే వెంటనే స్ట్రక్చరల్ ఇంజనీరుని పిలవాలి.

శుభ్రం చేయడానికి నైలాన్ ప్యాడ్లు వాడాలి. స్టీలు పీచు, వైర్ బ్రష్, ఇనుము మీద వాడిన గ్రైండింగ్ చక్రం పనికిరావు. ఇనుప రేణువులు అల్యూమినియంలో గుచ్చుకుని రెండు వానలకే మచ్చలు వేస్తాయి. ప్రెషర్ వాషర్ కూడా వద్దు, నీళ్లని అతుకుల్లోకి తోస్తుంది. మామూలు మంచినీళ్లు, ఘాటులేని సబ్బు, మెత్తటి గుడ్డ. రంగు వేసే పక్షంలో పాత పొర గీకేటప్పుడు మాస్కు తప్పదు, ఆ కాలపు ప్రైమర్లలో క్రోమేట్ ఉంటుంది. తర్వాత ఎచ్ ప్రైమర్, ఎపాక్సీ ప్రైమర్, పైన పాలీయురిథేన్. ఇంటి గేటుకి వేసే సింథటిక్ ఎనామెల్ మన ఎండకి తొందరగా సుద్దలా రాలిపోతుంది.

టైర్లు: చక్రాల మీద బరువు నిలబెడితే రబ్బరు చిట్లి ఒక పక్కకి కూర్చుంటుంది, విమానం వంగుతుంది. ఇరుసు కింద స్టీలు స్టాండు పెట్టి, టైరు నేలకి అంటీ అంటనట్టు ఉంచండి. స్టాండుకీ ఇరుసుకీ మధ్య రబ్బరు లేదా నైలాన్ పలక ఉండాలి, లేదంటే మళ్లీ పైన చెప్పిన బ్యాటరీ.

విమానపురం_వాసి:
ఇంజన్ తీసేసిన విమానం బరువు లెక్క కూడా చెప్పండి మాస్టారూ. మిగ్‌లో ఇంజన్ వెనక ఉంటుంది, తీసేస్తే గరిమనాభి ముందుకి జరుగుతుంది. ముక్కులో రాడార్ తీసేసి ఇంజన్ ఉంచితే తోక మీద కూర్చుంటుంది. క్రేన్‌తో ఎత్తే రోజున పాత మాన్యువల్‌లోని లిఫ్టింగ్ పాయింట్లకే తాళ్లు కట్టి, ముందు ఒక జానెడు లేపి ఏ పక్కకి వాలుతోందో చూసి అప్పుడు పైకి లేపాలి. ఖాళీ విమానానికి రెక్కలు మాత్రం అలాగే ఉన్నాయి కాబట్టి, మే నెల గాలివానకి లేవాలనే చూస్తుంది. పునాది బోల్టులు కిందికి మోసే బరువుకే కాదు, పైకి లాగే బలానికీ లెక్కకట్టాలి.

తుప్పు_మాస్టర్:
అవును, అది వదిలేశాను. చెన్నైలో ఇంకో బెడద ఉప్పు. మన విశాఖ బీచ్ రోడ్డులో టీయూ-142 అనే నౌకాదళ నిఘా విమానం ఉంది చూశారా, అరక్కోణం నుంచి 2017 మార్చిలో విరమించుకుని విశాఖ చేరిన విమానం. సముద్రానికి ఎదురుగా అంత పెద్ద విమానం పెట్టడం చూడటానికి అద్భుతం, కాపాడటానికి నరకం. సముద్రానికి దగ్గరగా ఉన్న కాలేజీలైతే నెలకోసారైనా మంచినీళ్లతో ఉప్పు కడగాలి. కడగాల్సింది ముఖ్యంగా పొట్ట భాగం, ఎందుకంటే పైభాగాన్ని వాన కడుగుతుంది, కింద ఎవరూ కడగరు.

డకోటా_తాత:
జెట్ల గోల బాగుంది గానీ, పిస్టన్ ఇంజన్ల మాటే లేదేంటయ్యా. హెచ్ఏఎల్ పుట్టింది 1940 డిసెంబరులో, యుద్ధకాలంలో ఇక్కడ బాగుచేసినవన్నీ పిస్టన్ విమానాలే. స్వతంత్రం వచ్చాక కాన్పూర్‌లో బ్రిటిషువాళ్లు మళ్లీ ఎగరకుండా పాడుచేసి పడేసిన లిబరేటర్ బాంబర్లని, దొరికిన భాగాలతో అతికించి బెంగళూరుకి ఎగరేసుకొచ్చి నలభై దాకా సేవలోకి తెచ్చారు. 1968 చివరి దాకా ఎగిరాయి. ఇవాళ బ్రిటన్‌లో, అమెరికాలో మ్యూజియంలలో మిగిలిన లిబరేటర్లలో కొన్ని ఆ గుంపువే. లిబరేటర్ ఇంజన్, డకోటా ఇంజన్ ఒకే జాతి, ప్రాట్ అండ్ విట్నీ ఆర్-1830, పద్నాలుగు సిలిండర్లు. డకోటాలు బాగుచేసే చేతులకి అది కొత్త కాదు.

చెన్నై_గాలిపటం:
తాతగారూ, అలాంటి ఇంజన్ స్టార్ట్ చేసే ముందు ప్రొపెల్లర్ని చేత్తో తిప్పుతారు కదా, అది ఎందుకు? వేడెక్కడానికా?

డకోటా_తాత:
కాదు. గుండ్రంగా అమర్చిన సిలిండర్లలో కిందివి తలకిందులుగా ఉంటాయి. విమానం నిలబడి ఉన్నంత సేపూ ఆయిల్ నెమ్మదిగా పిస్టన్ దాటి దిగి ఆ కింది సిలిండర్లలో చేరుతుంది. గాలి నలుగుతుంది, ఆయిల్ నలగదు. స్టార్టర్ బలంతో తిప్పితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. అప్పటికప్పుడు తెలియకపోవచ్చు, గాల్లో విరుగుతుంది. దీన్ని హైడ్రాలిక్ లాక్ అంటారు.

అందుకని మాగ్నెటోలు (స్పార్క్ ఇచ్చేవి) ఆఫ్, మిక్స్చర్ (ఇంధనం) కట్, చక్రాలకి అడ్డుచెక్కలు పెట్టి, తిరిగే దిశలోనే చేత్తో తొమ్మిది నుంచి పన్నెండు బ్లేడ్లు లాగాలి. డకోటా గేర్ నిష్పత్తి 16:9 కాబట్టి సుమారు నాలుగు బ్లేడ్లకే అన్ని సిలిండర్లూ ఒకసారి కుదింపు దాటుతాయి, మిగతావి నమ్మకం కోసం. ఎక్కడైనా గట్టిగా ఆగితే బలం పెట్టొద్దు. ఇద్దరు కలిసి లాగడం అసలే వద్దు. కింది సిలిండర్ల స్పార్క్ ప్లగ్ విప్పి ఆయిల్ కార్చేసి మళ్లీ బిగించాలి. కొందరు వెనక్కి తిప్పి వదిలించుకుంటారు. అది అన్నిటికంటే ప్రమాదం, ఆయిల్ ఇన్‌టేక్ గొట్టంలోకి పోయి కూర్చుంటుంది, ఇంజన్ అందుకోగానే మళ్లీ అదే సిలిండర్లోకి లాగేసుకుంటుంది.

టైగర్ మాత్ అనే పాత శిక్షణ విమానానికి ఇంకో తంతు. దాని జిప్సీ మేజర్ నాలుగు సిలిండర్లూ కిందికే వేలాడతాయి, 130 గుర్రాల బలం. కార్బురేటర్ టిక్లర్ నొక్కి పెట్రోలు చుక్క కారే దాకా నింపి, స్విచ్‌లు ఆఫ్‌లో ఉండగా నాలుగు బ్లేడ్లు లాగి, థ్రాటిల్ కొద్దిగా తెరిచి, కాంటాక్ట్ అని అరిచి ఒక్క ఊపు. వేళ్లు బ్లేడు అంచు చుట్టూ మడవకూడదు, అరచేయి చదునుగా ఉండాలి. ఊపిన చేయి, కాలు ఒకే కదలికలో వెనక్కి రావాలి. పెట్రోలు ఎక్కువైపోతే స్విచ్‌లు ఆఫ్ చేసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, వెనక్కి తిప్పి ఊదేయాలి. అవును, ఇక్కడ వెనక్కి తిప్పొచ్చు, డకోటాలో కాదు. అందుకున్న అర నిమిషంలో ఆయిల్ ప్రెషర్ చూపించకపోతే ఆపేయాలి.

మన వాయుసేన పాతవిమానాల విభాగంలో ఈ రెండూ ఎగిరే స్థితిలోకి తెచ్చారు. డకోటా 2018లో వచ్చిన వీపీ 905, పరశురామ. 1947 అక్టోబర్ 27న శ్రీనగర్‌లో సైనికుల్ని దించిన డకోటా నంబరే దానికి వేశారు.

నెల్లూరి_నాట్:
తాతగారూ, చిక్‌పేట వైపు ఆదివారం సంతలో పాత ఆల్టిమీటర్లు, కంపాస్‌లు అమ్ముతున్నారు. కొనొచ్చా?

డకోటా_తాత:
అసలుదేనా అనేది వెనక చూస్తే తెలుస్తుంది. బ్రిటిష్ కాలందైతే కిరీటం గుర్తు, ఏ.ఎం. (ఎయిర్ మినిస్ట్రీ) అక్షరాలు, 6ఏ/ తో మొదలయ్యే స్టోర్స్ నంబరు ఉంటాయి. నకిలీవాటిలో ముందు డయల్ బాగుంటుంది, వెనక నున్నగా ఉంటుంది.

తుప్పు_మాస్టర్:
ఆగండి, అసలుదైతేనే జాగ్రత్త. ఆ కాలపు డయల్ అంకెలకి, ముళ్లకి రేడియం రంగు వేసేవాళ్లు. చీకట్లో మెరవట్లేదు కాబట్టి భయం లేదనుకుంటారు. మెరుపునిచ్చే జింక్ సల్ఫైడ్ చచ్చిపోయింది, అంతే. రేడియం సగం తగ్గడానికే 1,600 ఏళ్లు. అంకెలు గోధుమరంగుకి మారి, రంగు పొలుసులు రాలి అద్దం లోపల పొడిగా కనిపిస్తే కొనకండి. గట్టిగా ఉన్నదైతే కొనొచ్చు గానీ అద్దం విప్పొద్దు, డయల్ తుడవొద్దు, పడకగదిలో పెట్టొద్దు. రేడాన్ వాయువు బయటికి వస్తుంది కాబట్టి గాలాడే చోట పెట్టాలి. బాగుచేయించాలని వాచీ రిపేర్ కొట్టుకి ఇవ్వడం అన్నిటికంటే తప్పు, ఆ పొడి అతను పీలుస్తాడు.

నెల్లూరి_నాట్:
సరే మాస్టారూ. అతని దగ్గర కనోపీ పెర్స్‌పెక్స్ (పారదర్శక ప్లాస్టిక్) ముక్క కూడా ఉంది, దాని బేరం చేస్తా.

తుప్పు_మాస్టర్:
అది చేయి. ఎండకి సన్నటి గీతలు పడి ఉంటుంది, నీళ్ల సాండ్‌పేపర్ 800తో మొదలుపెట్టి 1,200, 2,000 దాకా వెళ్లి, చివర్లో ప్లాస్టిక్ పాలిష్. థిన్నర్, పెట్రోలు తగలనీయకు, ఆ గీతలే పగుళ్లవుతాయి.